కాలువకు అవతలి మనిషి

గురువారం పొద్దున తన్మయి ఆఫీసుకొచ్చి కంప్యూటర్ తెరిచేసరికి పటంలో గీత మారిపోయి ఉంది.

సింగపూర్ సైన్స్ పార్క్‌లో వాళ్ళది చిన్న బృందం. మధ్య ఆసియా కొండల మీద ఎంత మంచు పడింది, అది కరిగి ఏ నదిలోకి ఎప్పుడు ఎంత నీరు దిగుతుంది అన్నది ఉపగ్రహ చిత్రాలు చూసి అంచనా కట్టడం వాళ్ళ పని. బృందానికి తన్మయి పెద్ద. ఆమె కింద ఇద్దరు. కిర్గిజ్‌స్థాన్ నుంచి వచ్చిన ఐజాదా, తజికిస్థాన్ నుంచి వచ్చిన ఫర్రూఖ్. ఇద్దరి ఊళ్ళూ ఒకే కాలువకు అటూ ఇటూ ఉంటాయి. అక్కడ సరిహద్దు ఎక్కడుందన్నది రెండు దేశాలకూ తేలలేదు. అందుకని ఆ మేరకు పటంలో చుక్కల గీతే పెట్టాలని ముగ్గురూ మొదట్లోనే అనుకున్నారు.

ఇప్పుడు చుక్కలు లేవు. నిండు ఎర్ర గీత ఉంది. ఫర్రూఖ్ వాళ్ళ ఊరి పక్కనుంచే, దాదాపు వాళ్ళ పొలాల మీదుగా పోతోంది.

"ఐజాదా, ఇది నువ్వు మార్చావా?"

"అవును." ఐజాదా ఫోన్ మీంచి తలెత్తలేదు.

"ఎందుకు?"

"అది మా సరిహద్దు కాబట్టి."

నాలుగడుగుల అవతల ఫర్రూఖ్ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. వాటిలో పాటేమీ రావడం లేదని తన్మయికి తెలుసు. 

ఆమె తనే కూర్చుని ఎర్ర గీత తీసేసి మళ్ళీ చుక్కలు పెట్టింది. ఐజాదా చూసింది. లేచి బాటిల్లో నీళ్ళు పట్టుకునే వంకతో బయటికి వెళ్ళి, మధ్యాహ్నం దాకా తిరిగి రాలేదు.

అది రెండువేల ఇరవై రెండు సెప్టెంబరు. అంతకు ముందు రోజు ఆ సరిహద్దులో కాల్పులు జరిగాయి. ఎవరు ముందు కాల్చారన్నది రెండు వైపులా రెండు రకాలుగా చెప్పుకుంటున్నారు.

ఆ గొడవ మూలం తన్మయికి చెప్పింది వాళ్ళిద్దరే. మొదట్లో ఒకసారి క్లెమెంటి పేటలో, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో తింటూ ఉంటే, ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ చెప్పారు. సోవియట్ రోజుల్లో అదంతా ఒకే దేశం. ఇక్కడి సామూహిక క్షేత్రం పశువుల మేతకు అక్కడి కొండ వాడుకునేది. అక్కడి వాళ్ళు తవ్విన కాలువలో నీళ్ళు ఇక్కడి పొలాలకు పారేవి. గీత ఎక్కడుందని అడిగినవాడు లేడు. పందొమ్మిది వందల ఇరవైల్లో ఒక పటం గీశారు, యాభైల్లో ఇంకొకటి గీశారు, రెండూ కలవవు. దేశం ముక్కలయ్యాక తజిక్‌లు పాత పటం చూపిస్తారు, కిర్గిజ్‌లు కొత్తది చూపిస్తారు. ఇల్లు ఒక దేశంలో, కొట్టం ఇంకో దేశంలో ఉన్నవాళ్ళున్నారు. జనం పెరిగారు, నీళ్ళు పెరగలేదు. పోయినేడు ఏప్రిల్లో నీళ్ళు పంచే తూము దగ్గర కెమెరాలు బిగించడం మీద తగాదా వచ్చి, రాళ్ళతో మొదలై తుపాకుల దాకా పోయింది. పదుల మంది చచ్చిపోయారు.

"మా పక్క కూడా ఇంతే," అంది తన్మయి అప్పుడు. ఆమెది పల్నాడు. సాగర్ కుడి కాలువకు చిట్టచివరి ఊరు. "పైవాడు తూము తెరవకపోతే కిందవాడి నారుమడి ఎండుతుంది. మా పెదనాన్న గడ్డపార పట్టుకుని రాత్రిళ్ళు కాలువ గట్టు మీదే పడుకునేవాడు."

"మీకు గడ్డపారలు," ఫర్రూఖ్ నవ్వాడు. "మాకు ఇప్పుడు ట్యాంకులు."

అప్పట్లో వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఐజాదా, తన్మయి ఇద్దరూ క్లెమెంటిలో రాజకుమారి ఆంటీ ఫ్లాట్‌లోనే చెరో గదిలో అద్దెకుండేవారు. ప్రతి ఆదివారం ఫర్రూఖ్ వచ్చి, కారెట్ తరిగి, గొర్రె మాంసం వేసి పులావు వండేవాడు. ఉప్పు చాలదని ఐజాదా, చాలునని అతను రష్యన్‌లో పోట్లాడుకునేవారు. ముప్పయ్యేళ్ళుగా సింగపూర్‌లో ఉన్న ఆంటీ మాంసం ముట్టదు గానీ ఆ గోల అంటే ఆమెకు ఇష్టం.

శుక్రవారం పరిస్థితి ముదిరింది. ఫిరంగులు మోగుతున్నాయని, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేస్తున్నారని వార్తలొచ్చాయి. ఐజాదా ఆఫీసుకు రాలేదు. తన్మయి సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆంటీ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఏమ్మా, ఆ పిల్ల పొద్దున్నుంచి మకాన్ చేయలేదు, ఏమీ తినలేదు. గంజి ఇస్తే వేండాం అంటది. ఒకటే ఏడుపు. నువ్వయినా అడుగు."

"అడుగుతా ఆంటీ. మీరు కంగారు పడొద్దు."

ఐజాదా కింద కూర్చుని మంచానికి ఆనుకుని ఉంది. వాళ్ళమ్మ ఫోన్ చేసిందట. ఊరివాళ్ళంతా ఒక లారీ ఎక్కి బాత్కెన్ పట్నం వైపు వచ్చేశారు. లారీ కదిలే ముందు తాత దిగిపోయాడు. ఆవుల్ని కట్టుతాళ్ళు విప్పి వస్తానన్నాడు. అంతలో గుండ్లు పడ్డాయి. డ్రైవరు ఆగలేదు.

"ఇప్పుడు మా ఊళ్ళో వాళ్ళ సైన్యం ఉంది," అంది ఐజాదా. "మా వాళ్ళెవరూ లోపలికి పోలేరు. తాతకు డెబ్బయ్యెనిమిది. ఫోన్ ఎత్తడం లేదు."

తన్మయి తలుపు దగ్గరగా వేసింది. పక్కన కూర్చుంది. కాసేపటికి ఐజాదా ఫోన్ ఆమె చేతికిచ్చింది. తెరమీద ఫర్రూఖ్ పేరుతో ఒక పోస్టు ఉంది. కాలిపోయిన బడి ఫొటో, కింద రష్యన్ అక్షరాలు.

"ఏం రాశాడు?"

"దాడి చేసింది మేమేనట. మమ్మల్ని హంతకులంటున్నాడు. మా ఇంట్లో అన్నం తిన్నవాడు."

శనివారం పొద్దున్నే తన్మయి ఫర్రూఖ్‌ను వెతుక్కుంటూ వెళ్ళింది. రెండు బ్లాకుల అవతల అతని గది. అతను కిందికి దిగి వచ్చాడు. బ్లాకు కింద ఖాళీ జాగాలో రాతి బల్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. అతని గడ్డం మాసి ఉంది. పక్క బల్ల మీద ఇద్దరు ముసలివాళ్ళు చదరంగం ఆడుతున్నారు.

తన్మయి జరిగింది చెప్పింది. చెప్పి, అసలు మాట అడిగింది. "మీ నాన్నగారు అవతలే ఉన్నారు కదా. ఆ ముసలాయన బతికున్నాడో లేదో ఆయన కనుక్కోగలరా?"

ఫర్రూఖ్ ఆమె వైపు తిరిగాడు.

"మా మేనత్త కొడుకు నిన్న చనిపోయాడు. ఇరవై రెండేళ్ళు. రొట్టెలు తేవడానికి సైకిల్ మీద వెళ్ళాడు. అది ఎవరి గుండో ఐజాదాను అడుగు."

 ఆ సంగతి తన్మయికి తెలియదు. ఎవరూ అతన్ని అడగలేదు. రెండు రోజులుగా అందరూ ఏడుస్తున్న పిల్ల చుట్టూనే తిరిగారు.

"క్షమించు ఫర్రూఖ్. నేను ముందు నిన్ను అడగాల్సింది."

"కనుక్కోమంటే మా నాన్న కాలువ దాటి వెళ్ళాలి. మా వాళ్ళు చూస్తే శత్రువు కోసం వెళ్ళాడంటారు. వాళ్ళు చూస్తే కాల్చేస్తారు. నేను ఆయనకా మాట చెప్పను."

"చెప్పొద్దు," అంది తన్మయి. నిజంగానే అంది. లేచి వచ్చేసింది. ఫ్లాట్‌కు వచ్చి ఐజాదాకు అతని మేనత్త కొడుకు సంగతి మాత్రం చెప్పింది. ఐజాదా గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పోస్టు గురించి మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం ఉదయం తలుపు కొట్టిన చప్పుడయింది. ఆంటీ తీసింది. బయట ఫర్రూఖ్. చెప్పులు విప్పకుండానే లోపలికి రెండడుగులు వేసి, గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళి విప్పాడు.

"ఐజాదాను పిలువు," అన్నాడు హాల్లో ఉన్న తన్మయితో. అంతలోనే గది వైపు తిరిగి, "మీ తాత పేరు తొక్తొసున్‌ కదా? కాలువ లాకు దగ్గర నీలం గేటు ఇల్లు?"

ఐజాదా గది గుమ్మంలోకి వచ్చింది. "అవును. ఎందుకు?"

"మా నాన్నకు చెప్పాను. వెళ్ళమని కాదు. ఊరికే, వార్తలాగా చెప్పాను, అవతలి ఊళ్ళో ఒక ముసలాయన ఉండిపోయాడట అని. నీలం గేటు ఇల్లా అన్నాడు. తొక్తొసునా అన్నాడు." అతను గోడ పట్టుకున్నాడు. "మా నాన్న ఇరవయ్యేళ్ళు మా వైపు నీళ్ళు పంచే నీరటి. మీ తాత మీ వైపు. వాళ్ళిద్దరూ కలిసి లాకు తిప్పేవాళ్ళట, వంతుల ప్రకారం. నాకు ఇన్నాళ్ళూ తెలియదు. 'మంచి మొండి మనిషి' అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే మా అమ్మ ఎత్తింది. తోపుడుబండి తీసుకుని వెళ్ళిపోయాడట."

ఐజాదా గుమ్మం దాటి హాల్లోకి వచ్చింది.

"నేను వద్దన్నాను," అన్నాడు ఫర్రూఖ్ మళ్ళీ. "వద్దని అరిచాను."

హాల్లో ముగ్గురూ కూర్చున్నారు. ఫోన్ బల్ల మీద పెట్టారు. ఆంటీ టీ పెట్టి తెచ్చింది. ఎవరూ తాగలేదు. బయట కారిడార్‌లో ఎవరో పిల్లలు స్కూటర్లు తోలుతున్నారు, చక్రాలు గరగరమంటున్నాయి. ఐజాదా ఒకసారి రష్యన్‌లో ఏదో అంది. ఫర్రూఖ్ ఒక్క మాటలో జవాబిచ్చాడు. తర్వాత తన్మయి అడిగితే, "మా మేనత్త కొడుకు పేరేమిటని అడిగింది," అన్నాడు.

ఎండ నెత్తిమీదికి వచ్చాక ఫోన్ మోగింది. ఫర్రూఖ్ రెండు చేతులతో పట్టుకున్నాడు. తజిక్‌లో మాటలు. అతని ముఖం క్షణానికోలా మారింది. ఒక్కసారిగా ఫోన్ ఐజాదాకు ఇచ్చాడు.

ఆవలి నుంచి ఒక ముసలి గొంతు గట్టిగా, కోపంగా వినిపించింది. ఐజాదా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తిడుతున్నాడు," అంది ఏడుస్తూ, నవ్వుతూ తన్మయితో. "ఆవులు దొరకలేదని తిడుతున్నాడు."

తాత బంగాళాదుంపలు దాచే నేలమాళిగలో ఉన్నాడు. ఇంటి పైకప్పు కాలి కూలింది. కాలు విరిగింది. రెండు రోజులు దుంపలే తిన్నాడు. నజ్మిద్దీన్, అంటే ఫర్రూఖ్ తండ్రి, ఆయన్ను బండిలో పడుకోబెట్టాడు. తమ వైపు తీసుకుపోతే ఖైదీ అంటారు. అందుకని ఎండిన కాలువ అడుగునుంచి ఎగువకు, కిర్గిజ్ సైనికుల కాపలా దగ్గరికే తోసుకుపోతానన్నాడు.

"అక్కడ కాల్చేస్తారు!" ఫర్రూఖ్ ఫోన్ లాక్కుని అరిచాడు. "నాన్నా, అక్కడిదాకా వద్దు. కనబడేంత దూరంలో వదిలేసి వచ్చెయ్!"

ఫోన్ అప్పటికే తెగిపోయింది.

ఆ తర్వాతి ఎదురుచూపు మొదటిదాని కంటే ఘోరంగా ఉంది. ఆంటీ దేవుడి పటం ముందు దీపం వెలిగించి, మళ్ళీ వచ్చి కూర్చుంది. తన్మయి అందరికీ పెరుగన్నం కలిపి పెట్టింది. ఫర్రూఖ్ ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఈసారి ఐజాదా ఫోన్ మోగింది. ఆమె మేనమామ ఎర్కిన్. సరిహద్దు కాపలావాళ్ళకు సాయంగా వెళ్ళిన ఊరి మగవాళ్ళలో అతనొకడు. ఐజాదా ముఖం వెలిగింది. తాత చేరాడు, బతికున్నాడు అని ఇంగ్లీషులో వాళ్ళకు చెప్పింది. ఆపైన ఆమె మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. కిర్గిజ్ మాటల్లో ఫర్రూఖ్‌కు అర్థమయింది ఒకటే, 'తజిక్' అన్న మాట.

"ఏమిటి? ఐజాదా, ఏమంటున్నాడు?"

ఐజాదా అతన్ని చూసింది. ఆ చూపును తన్మయి చాలా కాలం మరచిపోలేదు. ఆమె కావాలనుకుంటే అబద్ధం చెప్పగలదు. ఏమీ తెలియదు, మీ నాన్న వెళ్ళిపోయాడట అని చెప్పగలదు. ఆమె ఇల్లు కాలిపోయింది. ఆమె ఊరు లేదు.

"మీ నాన్నను పట్టుకున్నారు," అంది. "చేతులు కట్టేశారు. మా కుర్రాళ్ళు ఇద్దరు మీవాళ్ళ దగ్గర ఉన్నారట. మీ నాన్నను ఇచ్చి వాళ్ళను విడిపించుకుందామంటున్నారు."

ఫర్రూఖ్ లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. తన్మయి అతని భుజం మీద చెయ్యి వేస్తే తోసేశాడు.

"నేను చెప్పానా! నేను చెప్పానా లేదా!"

ఐజాదా ఫోన్‌లో అరవడం మొదలుపెట్టింది. తాతను తెచ్చింది ఆయనే కదా అంది. అవతల ఎర్కిన్ కూడా అరుస్తున్నాడు. ఆమె ఒక్కో ముక్కా ఇంగ్లీషులోకి మార్చి, ఫర్రూఖ్ ముందు దాచకుండా చెబుతూ పోయింది. "నువ్వక్కడ చల్లగా కూర్చున్నావు, నీకేం తెలుసు అంటున్నాడు... మన ఇళ్ళు తగలబెట్టారు అంటున్నాడు... నిజమే మామా, మన ఇళ్ళు తగలబెట్టారు. ఈ మనిషి తగలబెట్టాడా? ఈ మనిషి చేతిలో ఏముంది? తోపుడుబండి!"

మేనమామ వినలేదు. తన చేతిలో ఏమీ లేదన్నాడు, అధికారి చూసుకుంటాడన్నాడు.

ఐజాదా కళ్ళు తుడుచుకుంది. గొంతు మార్చింది. "సరే. తాతకు ఇవ్వు ఫోన్. ఒక్కసారి."

తాతను అప్పుడే అంబులెన్సులోకి ఎక్కించబోతున్నారు. నజ్మిద్దీన్‌ను కట్టేసిన సంగతి ఆయనకు తెలియదు. అవతలి గదిలోకి తీసుకెళ్ళి టీ ఇస్తున్నామని చెప్పారట. ఐజాదా జరిగింది చెప్పింది.  వెంటనే అవతల పెద్ద గోల. ఎవరెవరో కేకలు. ఫోన్ నేల మీద పడిన చప్పుడు.

"ఏమయింది?" అంది తన్మయి.

"స్ట్రెచర్ మీంచి దిగిపోయాడు," మామ మళ్ళీ ఫోన్ తీసి చెబుతుంటే ఐజాదా వాళ్ళకు చెబుతోంది. "విరిగిన కాలితో దిగిపోయాడు. పాక్కుంటూ వెళ్తున్నాడట. నీరటిని కట్టేసే చోట నాకు వైద్యం వద్దంటున్నాడు."

ఆంటీకి ఇంగ్లీషు పూర్తిగా అందలేదు. "ఏమంటన్నారే?" అని తన్మయిని పట్టుకు లాగింది. తన్మయి తెలుగులో చెప్పింది.

"అయ్యయ్యో, ఆ కాలు పెట్టుకునా!" అంది ఆంటీ. ఫర్రూఖ్ దగ్గరికి వెళ్ళి, అతని తల మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఆ చేతిని అతను తోసెయ్యలేదు.

తాత నజ్మిద్దీన్ పక్కన నేల మీద కూర్చుని ఆయన అంగీ పట్టుకున్నాడు. సూది వేయబోతే నర్సును కొట్టాడు. ఊరి ఆడవాళ్ళు కొందరు అక్కడే ఉన్నారు, బంధువుల కోసం ఎదురుచూస్తూ. వాళ్ళలో ఒకామె మొదట నజ్మిద్దీన్ మీద ఉమ్మింది. ఇంకొకామె, అదే మనిషిని చిన్నప్పుడు కాలువ గట్టున చూసినామె, కట్లు విప్పమని అధికారిని పట్టుకుంది. ఇదంతా ఎర్కిన్ మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసి చెప్పాడు. మొదటిసారి కోపంగా, తర్వాత విసుగ్గా, ఆఖరిసారి సిగ్గుపడుతున్నట్టు.

క్లెమెంటిలో దీపాలు పెట్టే వేళకు ఆ చివరి ఫోన్ వచ్చింది. పై అధికారితో మాట్లాడి వదిలేశారు. వచ్చిన దారినే, కాలువ అడుగునుంచి పంపేశారు. బండి మాత్రం ఉంచేసుకున్నారు.

తండ్రి ఇల్లు చేరి ఫోన్ చేసేదాకా ఫర్రూఖ్ కదలలేదు. చేశాక "నాన్నా" అని ఒక్కమాట అని, ఫోన్ చెవికి పెట్టుకునే వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల్నుంచి అతని ఏడుపు వినిపించింది. ఐజాదా లేచి ఆ తలుపు దాకా వెళ్ళింది. చెయ్యెత్తి, కొట్టకుండానే దించేసింది.

దానితో అంతా చక్కబడలేదు. వారం తిరక్కుండా నజ్మిద్దీన్‌ను తన వైపు వాళ్ళే పిలిపించి, శత్రువుకు ఎందుకు సాయం చేశావని ఒక రోజంతా కూర్చోబెట్టారు. కాలువ పని తీసేశారు. ఐజాదా ఆఫీసులో ఫర్రూఖ్ బల్ల దగ్గర నిలబడి కృతజ్ఞతలు చెప్పబోతే అతను ఆపాడు.

"నాకు చెప్పకు. చేసింది మా నాన్న. నేను వద్దన్నాను. ఇప్పుడైనా వద్దనే అంటాను."

ఆదివారాలు పులావు వండటానికి అతను మళ్ళీ రాలేదు. ఆ చలికాలంలో టర్కీలో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. తాత కాలు అతకలేదు. ఎర్కిన్ ఇంట్లో కొన్నాళ్ళుండి, మరుసటి ఏడు పోయాడు.

రెండువేల ఇరవై అయిదు వసంతంలో రెండు దేశాలు సరిహద్దు మీద సంతకాలు చేసుకున్నాయి. కొంత నేల అటు, కొంత ఇటు మారింది. మూసేసిన దారులు తెరిచారు. ఆ ఎండాకాలం ఐజాదా ఇంటికి వెళ్ళింది. తిరిగొచ్చాక తన్మయిని హాకర్ సెంటర్‌కు తీసుకెళ్ళి, చేపల సూపు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పింది.

కాపలా చౌకీ దగ్గర పాస్‌పోర్ట్ చూపించి, మొట్టమొదటిసారి అవతలి ఊరికి వెళ్ళింది. ఇల్లు వెతుక్కుంది. నజ్మిద్దీన్ ఆప్రికాట్ చెట్ల కింద పళ్ళు ఆరబెడుతున్నాడు. ఆమె ఎవరో చెప్పగానే మొదట తాత కాలు సంగతి అడిగాడు. తాత పోయాడని చెబితే, చేతులు తుడుచుకుని, అరచేతులు చాచి ప్రార్థన చేశాడు. ఆమె దారి పొడవునా తజిక్‌లో వల్లె వేసుకున్న కృతజ్ఞతల మాటలు చెప్పనేలేదు.

"తర్వాత?" అంది తన్మయి.

"తర్వాత ఏముంది? మీ పైవాళ్ళకు ఈ ఏడు ఏం రోగం, నీళ్ళు పది రోజులు ఆలస్యంగా వదిలారు, నా చెట్లు వాడిపోయాయి అన్నాడు. లాకు గేటు మర పోయింది, మాదేం తప్పు అన్నాను. మర పోతే చేత్తో ఎత్తరా, మీ తాతయితే ఎత్తేవాడు అన్నాడు. నాకూ కోపం వచ్చింది. గట్టిగానే అన్నాను. ఆయనా అన్నాడు. అరుచుకుంటుంటే వాళ్ళావిడ రొట్టె తెచ్చి మా మధ్య పెట్టింది."

"తిన్నావా?"

"తింటూనే పోట్లాడాను," అంది ఐజాదా.